తగినంత ఉప్పు, మూడు విజిల్స్: వంటింటి చిట్కాలపై ఒక విమర్శ

ఏ వారపత్రిక తిరగేసినా, ఏ దినపత్రిక ఆదివారం అనుబంధం విప్పినా ఒక మూల గళ్ళ గీతల మధ్య వంటింటి చిట్కాలు కనిపిస్తాయి. "కూరలో ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేయండి." "పప్పు త్వరగా ఉడకాలంటే చిటికెడు వంటసోడా వేయండి." "అన్నం మిగిలితే పారేయకుండా పులిహోర కలపండి." ఇప్పుడు ఇవే చిట్కాలు ఫోనుల్లో వీడియోలుగా కూడా తిరుగుతున్నాయి. చెప్పే సాధనం మారింది గాని చెప్పే తీరు మారలేదు.

కథల్నీ, కవితల్నీ, సినిమాల్నీ విమర్శించడానికి పత్రికల్లో చోటుంది. ఇంతమంది చదివి, చదివిన రోజే ఆచరణలో పెట్టే ఈ రాతల్ని మాత్రం ఎవరూ విమర్శకు పెట్టరు. చిట్కాలే కదా అని వదిలేస్తారు. కొత్తగా వంట మొదలుపెట్టిన వారికి చాలాసార్లు ఇవే పాఠాలు. పాఠ్యపుస్తకంలో తప్పు దొర్లితే దిద్దడానికి ఉపాధ్యాయుడుంటాడు. చిట్కాలో తప్పుంటే దిద్దేదెవరు?

మా గదిలో జరిగిన సంగతి

నేను కాలేజీలో చేరిన కొత్తలో హైదరాబాదులో ముగ్గురం కలిసి ఒక గది తీసుకున్నాం. టీ పెట్టడం తప్ప ముగ్గురిలో ఎవరికీ ఏమీ రాదు. పత్రికల్లోంచి కత్తిరించి అంటించిన చిట్కాల నోటుపుస్తకం ఒకటి మా అమ్మ ఇచ్చి పంపింది. అదే మాకు గురువు. "గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు" అని అందులో ఉంది. రోజూ అలాగే వండుకునేవాళ్ళం. అన్నం బాగానే వచ్చేది.

ఒకసారి సెలవులకు ఊరు వెళ్ళని స్నేహితుల్ని భోజనానికి పిలిచాం. ఆరు గ్లాసుల బియ్యానికి లెక్క ప్రకారం పన్నెండు గ్లాసుల నీళ్ళు పోశాం. మూత తీసి చూస్తే అన్నం జావలా అయిపోయింది. సగానికి సగం మిగిలింది. పారేయడానికి మనసొప్పక రాత్రంతా గిన్నెలోనే మూతపెట్టి ఉంచాం. మర్నాడు మధ్యాహ్నం, నోటుపుస్తకంలోని మరో చిట్కా ప్రకారం చింతపండు పులుసూ పోపూ వేసి పులిహోర కలిపాం. ముద్దగా ఉన్నా రుచి బాగానే ఉంది. తిన్న రెండు మూడు గంటలకల్లా ముగ్గురికీ వాంతులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న "ఏం తిన్నారు?" రెండోది "ఆ అన్నం ఎప్పుడు వండారు?"

ఆ రెండో ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. చిట్కా రాసినవారికి తట్టనిది అదే. మేం వాడిన చిట్కాలు రెండూ పూర్తిగా అబద్ధాలు కావు. రెండూ సగం మాటలు. ఏ పరిస్థితిలో పనిచేస్తాయో, ఏ పరిస్థితిలో పనిచేయవో చెప్పకుండా వదిలేసిన మాటలు. ఈ రచనల మీద నా ప్రధానమైన ఫిర్యాదు కూడా ఇదే. ఇవి ఏం చేయాలో చెబుతాయి, ఎందుకో చెప్పవు. ఎందుకో తెలియని వాడికి పరిస్థితి కాస్త మారితే ఏం చేయాలో తోచదు.

రెండు గ్లాసుల లెక్క ఎక్కడ తప్పింది?

గిన్నెలో పోసిన నీళ్ళు రెండు దారుల్లో పోతాయి. కొన్నిటిని బియ్యం పీల్చుకుంటుంది. కొన్ని ఆవిరైపోతాయి. పీల్చుకునే నీళ్ళు బియ్యాన్ని బట్టి ఉంటాయి. బియ్యం రెట్టింపయితే అవీ రెట్టింపవుతాయి. ఆవిరయ్యే నీళ్ళు అలా కాదు. గిన్నె మూతి ఎంత వెడల్పు, మూత ఎంత బిగువు, మంట ఎంత, ఎంతసేపు ఉడికింది అన్నవాటిని బట్టి అవి ఉంటాయి. బియ్యం ఆరు రెట్లయితే ఆవిరి ఆరు రెట్లు కాదు.

ఒక గ్లాసు బియ్యం దాదాపు ఒక గ్లాసు నీళ్ళు పీల్చుకుని, మరో గ్లాసు ఆవిరైందనుకుందాం. మన చిట్కా సరిపోయింది. ఆరు గ్లాసులు వండినప్పుడు బియ్యం ఆరు గ్లాసులు పీల్చుకుంటుంది. ఆవిరయ్యేవి రెండో మూడో గ్లాసులు. మిగతా మూడు నాలుగు గ్లాసుల నీళ్ళు అన్నంలోనే ఉండి మెత్తన చేస్తాయి. దీనికి తోడు పాత బియ్యం ఎక్కువ నీళ్ళు తాగుతుంది, కొత్త బియ్యం తక్కువ తాగుతుంది. పెళ్ళిళ్ళలో వంట చేసే వారు ఈ లెక్కలు రాసుకోరు గాని చేతి అలవాటుతో వారికి తెలుసు. కొత్తవాడికి ఆ అలవాటు లేదు. కనుక కారణం ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి.

మిగిలిన అన్నంలో ఏం జరుగుతుంది?

ఇక వాంతుల సంగతి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు తరచూ ఉంటాయి. అన్నం ఉడికే వేడికి మామూలు బాక్టీరియా చచ్చిపోతుంది గాని ఈ సిద్ధబీజాలు బతికి బయటపడతాయి. గిన్నె నిండా ఉన్న అన్నం మూత కింద నెమ్మదిగా చల్లారుతుంది. ఆ గోరువెచ్చని తడిలో సిద్ధబీజాలు మొలకెత్తి గంటల్లో పెరిగిపోతాయి. వాటిలో కొన్ని రకాలు వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం నీళ్ళు మరిగే వేడికి కూడా చెడిపోదు. అంటే తర్వాత ఎంత వేడిచేసినా, పోపు పెట్టినా, పులుపు కలిపినా లాభం లేదు. మాకు పరీక్షలేవీ చేయలేదు గాని, లక్షణాలనూ అన్నం వండిన వేళనూ బట్టి డాక్టరు గారు దీన్నే అనుమానించారు.

మరి పులిహోర ప్రయాణాలకు తీసుకువెళతాం కదా అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. ప్రయాణానికి పులిహోర కలిపేటప్పుడు అమ్మమ్మ ఏం చేసేదో గుర్తు తెచ్చుకోండి. అప్పుడే వండిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఆరబెట్టేది. వెంటనే చింతపండు గుజ్జు పట్టించేది. పరచడం వల్ల అన్నం త్వరగా చల్లారింది. పులుపు మొదటి నుంచీ ఉంది కనుక బాక్టీరియా పెరుగుదల మందగించింది. మేం ఆ పులుపునే పదహారు గంటల తర్వాత కలిపాం. అప్పటికే తయారైన విషాన్ని చింతపండు ఏం చేయగలదు?

చద్దన్నం కథ కూడా వేరు. రాత్రి అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉంచితే లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియా పెరిగి అన్నాన్ని పులియబెడుతుంది. ఆ పులుపు చాలా రకాల చెడ్డ సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది. పొడిగా మూతపెట్టి వదిలేసిన అన్నంలో ఈ రక్షణ లేదు. "మా తాతలు చద్దన్నం తిని బతకలేదా?" అనేవారు ఈ తేడాను గమనించరు.

ఒకే సలహా, రెండు ప్రాంతాలు

"బియ్యం తెల్లటి నీళ్ళు పోయేదాకా నాలుగైదుసార్లు కడగండి, గంజి వారిస్తే అన్నం పొడిపొడిగా ఉంటుంది" అనేది మరో చిట్కా. పొడిపొడిగా ఉండే మాట నిజమే. గంజితో పాటు ఇంకేం పోతోందో ఆ చిట్కా చెప్పదు.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో, ఉత్తర సర్కారులని పిలిచిన మన కోస్తా జిల్లాల్లో బెరిబెరి అనే వ్యాధి పీడించేది. కాళ్ళు తిమ్మిరెక్కడం, వాపులు రావడం, గుండె దెబ్బతినడం దాని లక్షణాలు. దానికి కారణం థయమిన్ అనే బి1 విటమిన్ లోపం. ఈ విటమిన్ ధాన్యపు గింజ పైపొరల్లో, మొలకలో ఎక్కువగా ఉంటుంది. మరలో బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యంలో అది చాలా భాగం తవుడుతో పోతుంది. మిగిలినదాంట్లో కొంత కడుగు నీళ్ళలో, కొంత గంజిలో పోతుంది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ వ్యాధి బాధ తక్కువ. వడ్లను నానబెట్టి ఉడికించేటప్పుడు విటమిన్ గింజ లోపలికి చేరి అక్కడ నిలుస్తుంది. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనతో చిన్నగా మొదలైన సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. అన్నం వార్చడం అనే చిన్న పని వెనుక ఇంత చరిత్ర ఉంది.

అయితే గంజి వార్చడం ఎప్పుడూ తప్పేనా? పశ్చిమ బెంగాల్‌లో, బంగ్లాదేశ్‌లో కొన్ని ప్రాంతాల భూగర్భ జలాల్లో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉంది. ఆ నీటితో పండిన బియ్యంలోకి కూడా అది చేరుతుంది. అక్కడ ఆర్సెనిక్ లేని నీళ్ళు ఎక్కువగా పోసి వండి, గంజి వార్చేస్తే అన్నంలో ఆర్సెనిక్ తగ్గుతుంది. ఒకచోట నష్టమైన పని మరోచోట మేలవుతోంది. ఏది ఎక్కడ పాటించాలో "వార్చండి" అనే మాట గాని, "వార్చకండి" అనే మాట గాని చెప్పలేదు. గంజిలో ఏం పోతుందో తెలిస్తే మనమే తేల్చుకోగలం.

పప్పు ఉడకని ఊరు

"ఆ ఊరి నీళ్ళకు పప్పు ఉడకదు" అని పెద్దలనడం మీరు వినే ఉంటారు. ఇది ఎగతాళి మాట కాదు, మంచి రసాయనిక పరిశీలన. పప్పుగింజలోని కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే జిగురు పదార్థాల్లో పెక్టిన్ ముఖ్యమైనది. ఉడికేటప్పుడు అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం ఈ పెక్టిన్‌ను పట్టి గట్టిపరుస్తాయి. చింతపండు, టమాటాల పులుపు కూడా దాన్ని కరగనివ్వదు. కనుక "పప్పు ఉడికాకే చింతపండు వేయండి" అనే చిట్కా నూటికి నూరు పాళ్ళూ సరైనది. ఉప్పు మీద మాత్రం మోయలేనంత నింద వేశారు. గింజలను ఉప్పునీళ్ళలో నానబెడితే పొట్టు త్వరగా మెత్తబడుతుంది. సోడియం కొంతమేరకు కాల్షియం స్థానాన్ని ఆక్రమించడమే దీనికి కారణం.

వంటసోడా క్షారగుణం కలది. క్షారంలో ఆ జిగురు తేలిగ్గా కరుగుతుంది. కాబట్టి పప్పు త్వరగా ఉడికే మాట వాస్తవమే. కాని క్షారంలో థయమిన్ నశిస్తుంది. పప్పు తినేదే పోషణ కోసం. పది నిమిషాల గ్యాసు మిగుల్చుకోవడానికి విటమిన్‌ను పోగొట్టుకోవాలా? నీటి తాత్కాలిక కాఠిన్యత గురించి పాఠాల్లో చదువుకున్నవారు ఉంటారు. మరిగించి తేర్చిన నీళ్ళలో ఆ కాఠిన్యత పోతుంది. పప్పును ముందుగా నానబెట్టి, అలాంటి నీళ్ళతో ప్రెషర్ కుక్కర్‌లో వండితే సోడాతో పని చాలావరకు తప్పుతుంది. పాఠం పరీక్షకే గాని పప్పుకు పనికిరాదనుకోవడం మన పొరపాటు.

విజిల్ గడియారం కాదు

"మూడు విజిల్స్ రానిచ్చి దించండి." ఇంతకంటె ఎక్కువసార్లు అచ్చయిన వాక్యం వంటల శీర్షికల్లో ఉండదేమో. విజిల్ అంటే ఏమిటి? కుక్కర్ లోపల ఆవిరి పీడనం బరువును ఎత్తగలిగినంత పెరిగినప్పుడు, ఎక్కువైన ఆవిరి బయటికి పోయే చప్పుడు. మన కుక్కర్లలో ఆ పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. అప్పుడు లోపలి ఉష్ణోగ్రత సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు. పప్పును ఉడికించేది ఆ వేడీ, ఆ వేడిలో గడిపిన కాలమూ. చప్పుళ్ళ సంఖ్య కాదు. మంట పెద్దదైతే మూడు విజిల్స్ చకచకా వస్తాయి. చిన్నదైతే చాలాసేపు పడుతుంది. మొదటి దాంట్లో పప్పు పలుకుగా ఉంటుంది, రెండో దాంట్లో ముద్దవుతుంది. సరైన సూచన ఇలా ఉండాలి: మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి, ఇన్ని నిమిషాలు ఉంచండి.

మామూలు గిన్నెలోనూ ఇదే సూత్రం. నీళ్ళు ఒకసారి మరిగాక మంట ఎంత పెంచినా వాటి ఉష్ణోగ్రత పెరగదు, ఆవిరి మాత్రమే పెరుగుతుంది. సముద్రమట్టంలో ఆ ఉష్ణోగ్రత 100 డిగ్రీలు. 500 మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాదులో దాదాపు 98. సుమారు 3500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో 88 దరిదాపు. విజయవాడలో పనిచేసిన వంట లెక్క లేహ్‌లో ఎందుకు తప్పుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు.

బంగాళాదుంప పరీక్ష

ఉప్పెక్కువైన కూరలో బంగాళాదుంప వేస్తే అది ఉప్పును "లాగేస్తుంది" అని రాస్తారు. దుంపకు నీటిని వదిలి ఉప్పునే ఏరుకునే శక్తి లేదు. దాని బరువులో దాదాపు 80 శాతం నీరు. పులుసులోని ఉప్పు ఆ నీటిలోకి కూడా వ్యాపిస్తుంది. 100 గ్రాముల దుంప వేయడం, ఉప్పు విషయంలో, ఇంచుమించు 80 మిల్లీలీటర్ల నీళ్ళు కలపడంతో సమానం. చిన్న ముక్క వేస్తే తేడా నాలుకకు తెలియదు.

నా మాట నమ్మకండి, చేసి చూడండి. ఒక లీటరు నీళ్ళలో రెండు చెంచాల ఉప్పు కరిగించి, సమానంగా రెండు గిన్నెల్లో పోయండి. ఒకదాంట్లో బంగాళాదుంప ముక్క వేయండి. రెంటికీ మూతపెట్టి ఒకే మంట మీద పావుగంట ఉడికించి, వడగట్టి చల్లార్చండి. మూడు గ్లాసులు తీసుకుని రెంటిలో దుంప వేయని నీళ్ళు, ఒకదాంట్లో దుంప ఉడికిన నీళ్ళు పోయండి. స్నేహితుడి కళ్ళకు గంతలు కట్టి, ముక్కు మూయించి, మూడింటిలో వేరుగా ఉన్నదేదో చుక్క నాలుకపై వేసి చెప్పమనండి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది. కాబట్టి పది మందితో చేయించి లెక్క రాయండి. చిట్కా నిజమో కాదో దాన్ని బట్టి తేల్చుకోండి.

తగినంత అంటే ఎంత?

ఈ రచనల్లో నన్ను అన్నిటికంటె ఇబ్బంది పెట్టిన మాట "తగినంత". ఎవరికి తగినంత? చేయి తిరిగిన వారికి ఆ మాట చాలు. కాని వారికి చిట్కాతో పనే లేదు. పని ఉన్నది కొత్తవారికి. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఒక చిన్న చెంచాడు. నలుగురున్న ఇంట్లో కూర, పప్పు, చారు, పచ్చడి అన్నీ కలిపి రోజుకు నాలుగు చెంచాలు దాటకూడదు. "తగినంత" అనే మాట చాటున మనం ఎంత వేస్తున్నామో మనకే తెలియకుండా పోతోంది.

కొలతలు మనకు కొత్త కావు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ అని అమ్మమ్మలకు నోటికి వచ్చు. ఇంటింటా గిద్ద, సోల ఉండేవి. వాటిని వదిలి, ఎవరింట్లో ఎంతుందో తెలియని "గ్లాసు"ను పట్టుకోవడం ముందడుగు కాదు.

న్యాయంగా చెప్పాలంటే మంచి చిట్కాలూ ఉన్నాయి. ఆకుకూరను తరిగే ముందే కడగమనడం మంచిది. తరిగాక కడిగితే నీటిలో కరిగే సి విటమిన్ పోతుంది. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడు వేయమనడం మంచిది. మరీ వేడైతే తోడులోని బాక్టీరియా చస్తుంది, చల్లనైతే పెరగదు. ఈ సలహాలకు కారణాన్ని జోడించడానికి ఒక్క వాక్యం చాలింది చూడండి. వంటను శ్రద్ధగా నేర్పిన పుస్తకాలూ మనకున్నాయి. తెలుగులో మాలతీ చందూర్ ‘వంటలు - పిండివంటలు’ ఎన్నో ముద్రణలు పొందింది. మద్రాసులో ఎస్. మీనాక్షి అమ్మాళ్ 1951లో అచ్చువేసిన తమిళ పుస్తకం పేరు ‘సమైత్తు పార్’. అంటే ‘వండి చూడు’. సైన్సు చెప్పే మాటా అదే కదా!

మరో లోపం కూడా చెప్పి ముగిస్తాను. చిట్కాల్లో చాలా భాగం "గృహిణులు" అని మొదలవుతాయి. గదుల్లో వండుకుంటున్న అబ్బాయిలు, ఉద్యోగం చేస్తున్న అమ్మలకు సాయపడవలసిన నాన్నలు, అన్నలు వీటిని చదవరనుకుంటారు కాబోలు. ఆకలి అందరిదీ అయినప్పుడు పాఠమూ అందరిదీ కావాలి.

కారణాలు రాయడానికి చోటు చాలదని శీర్షిక నిర్వహించేవారు అనవచ్చు. పది సగం చిట్కాలకు బదులు మూడు పూర్తి చిట్కాలు వేయవచ్చు. మా నోటుపుస్తకంలో ఉండవలసిన చిట్కా ఇది: "అన్నం మిగిలితే రెండు గంటల లోపే పళ్ళెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడే వాడేయండి, పొగలు వచ్చేదాకా వేడిచేసి తినండి. రాత్రంతా పొడిగా బయట ఉన్న అన్నాన్ని పారేయండి. అందులో పుట్టే విషం వేడికీ పులుపుకూ పోదు." నాలుగే వాక్యాలు.

మీ ఇంట్లో కత్తిరించి దాచిన చిట్కాలుంటే ఒకటి తీయండి. పక్కన మూడు ప్రశ్నలు రాయండి. ఎంత? ఎందుకు? ఎప్పుడు పనిచేయదు? జవాబులు అమ్మను అడగండి, పాఠ్యపుస్తకంలో వెతకండి, ప్రమాదం లేనివాటిని వండి చూడండి. మూడింటికీ జవాబు దొరికిన చిట్కానే నోటుపుస్తకంలో ఉంచండి.